నాన్న యూరిన్ స్పెసిఫిక్ గ్రావిటీ 1.010. "నార్మలే" అంటున్నారు, మరి నీళ్ళు మానేసి మళ్ళీ టెస్టు ఎందుకు?

కొబ్బరితోట_బిడ్డ

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది సోంపేట దగ్గర ఊరు. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం అంటే మీకే తెలిసిపోతుంది. మా దగ్గర ఎవరికైనా రెండు రోజులు నడుం పట్టేస్తే అడిగే మొదటి మాట "క్రియాటినిన్ చూపించావా?" అనే. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష అది, పెరిగితే కిడ్నీ వెనకబడుతున్నట్టు. బడి ముఖం చూడని ముసలమ్మలు కూడా ఆ మాట తప్పు లేకుండా పలుకుతారు. మా వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. పెదనాన్న ఆరేళ్ళ కిందట ఆ జబ్బుతోనే పోయారు. అందుకే నాకు ఈ టెన్షన్.

నాన్నకి 56 ఏళ్ళు. ఎకరం లోపు కొబ్బరి, పక్కనే కాస్త జీడి. పొద్దున్నే అయిదున్నరకి చోడి అంబలి తాగి తోటకి వెళ్తే మళ్ళీ ఇంటి ముఖం చూసేది పదకొండు దాటాకే. లీటరు బాటిల్ ఇచ్చి పంపితే సగం వెనక్కి తెస్తాడు. అడిగితే "చెట్టు మీద ఉన్నోడికి నీళ్ళెవుడు అందిస్తాడే?" అంటాడు. సుగర్ లేదు, బీపీ లేదు. మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు.

అసలు సంగతి అమ్మ కనిపెట్టింది. మా బాత్రూం ఇంటి వెనక. వెనక తలుపు గడియ తుప్పు పట్టి, తీసినప్పుడల్లా కీచుమంటుంది. ఇదివరకు రాత్రిపూట ఆ చప్పుడు ఒక్కసారి వినపడేదట. సంక్రాంతి నుంచి మూడుసార్లు వినపడుతోందట. నాన్నని అడిగితే "ముసలోణ్ణి అవుతున్నాను కదా" అని నవ్వేశాడు. నేను విశాఖలో ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్స్ చేస్తాను. అంకె తేడా కనిపిస్తే నిద్ర పట్టదు నాకు. బతిమాలి తీసుకొచ్చి చూపించాను.

రిపోర్టులో క్రియాటినిన్ 1.4 (పక్కన నార్మల్ 0.7 నుంచి 1.3 అని ఉంది). యూరిన్‌లో ప్రోటీన్ నిల్, షుగర్ నిల్, చీము కణాలు 1-2, పిహెచ్ 6.0. స్పెసిఫిక్ గ్రావిటీ (యూరిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకెట) 1.010. అంతకు ముందు నెల ఊళ్ళో క్యాంపులో చేసిన కాగితం వెతికితే అందులోనూ 1.010. రెండు చోట్లా పక్కన 1.005 నుంచి 1.030 నార్మల్ అని అచ్చు వేశారు. క్యాంపు టెస్టు మధ్యాహ్నం తోట నుంచి తిన్నగా వచ్చి ఇచ్చింది. రెండోది ఇక్కడ విశాఖలో, టిఫిన్ చేసి, టీ తాగి, మంచినీళ్ళు తాగి ఇచ్చింది.

కిడ్నీ డాక్టరుగారు ఇవన్నీ చూసి, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో అడిగి, "ఇంకో టెస్టు చేద్దాం" అని చీటీ రాశారు. రాత్రి భోజనం దగ్గర నుంచి నీళ్ళు తాగకుండా ఉండి, పొద్దున్న యూరిన్ ఇస్తే 'ఆస్మోలాలిటీ' చూస్తారట. బయట ముప్ఫై మంది క్యూలో ఉన్నారు, ఎక్కువ అడగలేకపోయాను.

నా సందేహాలు. రెండుసార్లూ నార్మల్ అని ఉంటే ఈ కొత్త టెస్టు దేనికి? కిడ్నీ అనుమానం ఉన్న మనిషిని నీళ్ళు తాగొద్దు అనడం ఏమిటి, ప్రమాదం కాదా? ఇంకోటి, మా చుట్టాలాయన ఒకరు రోజుకి అయిదు లీటర్లు తాగిస్తే అన్నీ కడుక్కుపోతాయన్నారు. మూడు రోజులుగా ఫోన్లో అలారం పెట్టి నాలుగు లీటర్లు తాగిస్తున్నాను. నాన్న నన్ను చూస్తే చాలు, చెంబు కనపడినట్టు మొహం పెడుతున్నాడు. నేను చేసేది కరెక్టేనా?

కృష్ణ_సూపర్77

సిస్టర్, రేంజ్‌లో ఉందంటే నార్మల్. క్రియాటినిన్ పాయింట్ వన్ ఎక్కువైతే ఏమీ కాదు. ఈ రోజుల్లో అనవసరమైన టెస్టులు రాసేవాళ్ళు ఎక్కువైపోయారు. అయిదు లీటర్లు కంటిన్యూ చెయ్యండి, పొద్దున్నే ధనియాల కషాయం ఇవ్వండి. నో టెన్షన్.

పాత_ల్యాబ్_మాస్టారు

అమ్మా, ముందు ఆ అలారం ఆపెయ్యి. ఎందుకో తర్వాత చెబుతాను. కృష్ణగారూ, మీ మీద కోపం కాదు గానీ, "రేంజ్‌లో ఉంది కాబట్టి నార్మల్" అన్న మాట షుగర్‌కో హిమోగ్లోబిన్‌కో కొంతవరకు చెల్లుతుంది. స్పెసిఫిక్ గ్రావిటీకి చెల్లదు.

నేను 31 ఏళ్ళు ల్యాబ్‌లో చేసి రిటైరైనవాణ్ణి. నేను చేరిన రోజుల్లో యూరిన్‌లో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు మా ల్యాబ్‌లో లేవు. యూరినోమీటర్ అని ఒక గాజు బుడ్డి ఉండేది. కింద ఉబ్బుగా, బరువుగా, పైన సన్నటి కాడ, కాడ లోపల గీతలున్న కాగితం. సన్నటి జాడీలో యూరిన్ పోసి దాన్ని వదిలితే తేలుతుంది. చిక్కటి యూరిన్‌లో పైకి తేలుతుంది, పల్చటిదైతే మునుగుతుంది. పాలవాడి దగ్గర లాక్టోమీటర్ చూసుంటావు, దాని అక్కచెల్లెలే అనుకో. జాడీ గోడకి ఆనితే లెక్క తప్పుతుంది, అందుకని వేళ్ళతో చిన్నగా ఒక తిప్పు తిప్పి వదిలేవాళ్ళం. అది బొంగరంలా తిరిగి ఆగాక, కళ్ళు నీటిమట్టానికి దించి చదవాలి. పైనుంచి చూసి చదివితే మా సీనియర్ చేతి మీద ఒకటి ఇచ్చేవారు. ప్రతి ఉదయం ముందు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి చూడాలి, సరిగ్గా 1.000 దగ్గర ఆగితేనే ఆ రోజుకి అది పనికొస్తుంది. వేసవిలో ఇంకో తలనొప్పి. ఆ గాజు మీద రాసిన ఉష్ణోగ్రత కంటే గది ప్రతి 3 డిగ్రీలు ఎక్కువైతే 0.001 కలుపుకోవాలి.

ఈ సోదంతా ఎందుకంటే, ఆ అంకె దేన్ని చెబుతుందో నీకు కళ్ళకి కట్టాలని. మంచినీళ్ళు 1.000. యూరిన్‌లో ఉప్పు, యూరియా వగైరా ఎంత కరిగి ఉంటే అంకె అంత పెరుగుతుంది. అంతే. అది కిడ్నీకి వేసిన మార్కు కాదు. ఆ గంటలో కిడ్నీ నీళ్ళు దాచుకుంటోందా, బయటికి వదిలేస్తోందా అన్న కబురు.

కిడ్నీలు రోజుకి 180 లీటర్ల దాకా నీరు వడకడతాయి. మనం పోసేది లీటరున్నరో రెండో. మిగిలిందంతా వెనక్కి లాక్కుంటాయి. వడకట్టిన కొత్తలో ఆ నీరు దాదాపు రక్తంలో నీటి చిక్కదనంతోనే ఉంటుంది. ఆ చిక్కదనమే 1.010. పల్చటి చారు గిన్నె పొయ్యి మీద పెట్టామనుకో. ఒంట్లో నీళ్ళు తక్కువైతే మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోను వస్తుంది, కిడ్నీ ఆ చారుని మరిగించినట్టు చిక్కబరుస్తుంది. అప్పుడు 1.025, 1.030 వస్తుంది. రెండు చెంబులు నీళ్ళు తాగేశామా, ఆ హార్మోను తగ్గుతుంది, పల్చగా 1.003, 1.005 పోతుంది. అంటే మంచి కిడ్నీ అంకె పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారుతూనే ఉండాలి.

ఇప్పుడు మీ నాన్నగారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టు. ఒకటి ఎండలో ఆరు గంటలు చెమటోడ్చి, అర లీటరు నీళ్ళతో వచ్చి ఇచ్చింది. అది 1.025 దాటి, తేనె రంగులో ఉండాలి. 1.010 వచ్చింది. రెండోది టీ, నీళ్ళు తాగి ఇచ్చింది. అదీ 1.010. గిన్నెలో వచ్చిన చారు వచ్చినట్టే పోతోందేమో, మరగడం లేదేమో అని డాక్టరుగారికి అనుమానం వచ్చుంటుంది. దానికి తోడు రాత్రి మూడుసార్లు లేవడం. మామూలుగా రాత్రి కిడ్నీ యూరిన్‌ని చిక్కబరిచి తక్కువ చేస్తుంది కాబట్టే మనం తెల్లవార్లూ పడుకోగలుగుతున్నాం. ఆ పని మానేస్తే రాత్రీ పగలూ ఒకటే. మీ అమ్మగారు గడియ చప్పుడు లెక్కపెట్టడం చిన్న విషయం కాదమ్మా.

అయితే ఇప్పుడే గుండె బాదుకోకు. స్ట్రిప్పు మీద అంకెలు 1.005, 1.010, 1.015 ఇలా అయిదేసి మెట్లుగా ఉంటాయి. రంగు చూసి దగ్గరి గడి రాస్తాం. అసలు విలువ 1.013 ఉన్నా 1.010 అని పడొచ్చు. సమయం లెక్కపెట్టకుండా చూసినా, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేసినా రంగు నమ్మలేం. మన సముద్రం వైపు గాలిలో తేమకి ఆ స్ట్రిప్పులు తొందరగా చెడతాయి, క్యాంపుల్లో బల్ల మీద మూత లేని డబ్బాలు నేను బోలెడు చూశాను. యూరిన్ క్షార గుణంతో ఉంటే స్ట్రిప్పు తక్కువ చూపిస్తుంది, మీ నాన్నగారి పిహెచ్ 6.0, అంటే కాస్త ఆమ్లం వైపే, కాబట్టి ఆ బాధ లేదు. యూరినోమీటర్‌కి, రిఫ్రాక్టోమీటర్‌కి (యూరిన్ చుక్కలో వెలుతురు ఎంత వంగుతుందో చూసి చిక్కదనం చెప్పే పరికరం) వేరే జబ్బు. యూరిన్‌లో షుగర్, ప్రోటీన్ ఉన్నా, స్కానింగ్ రంగు మందు ఎక్కించినా అవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

అందుకే ఆస్మోలాలిటీ రాశారు. అందులో బరువూ రంగూ లేవు, ఎన్ని కణాలు కరిగి ఉన్నాయన్నదే లెక్క. మిషన్ ఆ యూరిన్‌ని గడ్డ కట్టిస్తుంది. ఎంత ఎక్కువ కరిగి ఉంటే అంత ఎక్కువ చల్లబడ్డాక గానీ గడ్డ కట్టదు, దాన్ని బట్టి అంకె చెబుతుంది. రక్తంలో అది 275 నుంచి 295 మధ్య ఉంటుంది. రాత్రంతా నీళ్ళు లేకుండా ఉన్న ఆరోగ్యవంతుడి పొద్దుటి యూరిన్ మామూలుగా 600 దాటుతుంది, చాలామందికి 800 పైనే. 300 దగ్గర తచ్చాడితే చారు మరగడం లేదన్నట్టే.

ఇక అలారం సంగతి. రోజుల తరబడి నీళ్ళు బలవంతంగా తాగిస్తే, మంచి కిడ్నీ లోపల కూడా చిక్కబరచడానికి పేరుకుని ఉండే ఉప్పు, యూరియా కడుక్కుపోతాయి. కడుక్కుపోతాయని మీ చుట్టాలాయన అన్నది ఆ రకంగా నిజమే! ఆ స్థితిలో టెస్టు చేస్తే లేని జబ్బు ఉన్నట్టు కనపడుతుంది. ఒక వారం మామూలుగా దాహం వేసినంత తాగనివ్వు. పప్పు, చేప, గుడ్డు ఏది అలవాటైతే అది తిననివ్వు, వట్టి గంజీ పచ్చడీ తినే మనిషికి యూరియా తక్కువై అంకె కొంచెం దిగుతుంది. ఆ తర్వాత టెస్టు. డాక్టరుగారికి ఈ నాలుగు లీటర్ల కథ తప్పకుండా చెప్పు.

లారీ_లోడు

మాస్టారి చారు చదివి ఆకలేసింది. నా కథ పూర్తిగా ఉల్టా.

నేను విజయవాడ నుంచి నాగపూర్ లైన్లో లారీ. బండి ఆపితే లేటు, అందుకని నీళ్ళే తాగేవాణ్ణి కాదు. పోయిన వేసవిలో నడుం పక్క నొప్పి వచ్చి స్టీరింగ్ మీద పడిపోయాను. యూరిన్ టెస్టు చేస్తే 1.030, రంగు గోల్డ్ స్పాట్. (వయసున్నవాళ్ళకి తెలుస్తుంది ఏ రంగో.) నా కిడ్నీ పని చేయట్లేదని ఏడ్చాను. డాక్టర్ నవ్వి, "నీ కిడ్నీ గాడిద చాకిరీ చేస్తోంది, నువ్వే నీళ్ళు పొయ్యట్లేదు" అన్నాడు. అయిదు మిల్లీమీటర్ల రాయి. తాగే నీళ్ళు కాదు, పోసే యూరిన్ రోజుకి రెండున్నర లీటర్లు ఉండేలా తాగమన్నాడు. ఒకరోజు నిజంగానే బాటిల్‌తో కొలిచాను, క్లీనర్ నన్ను వింతగా చూశాడు.

ఆ రెండున్నర నా రాయికి. చెల్లెమ్మ వాళ్ళ నాన్నకి అదే చెప్పకండి ఎవరూ.

నైట్‌డ్యూటీ_సిస్టర్

నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) వార్డులో స్టాఫ్ నర్సుని. మాస్టారు చెప్పిన దాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. మిగిలిపోయినవి రాస్తాను.

టెస్టు ప్రమాదమా అన్నావు. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున్న ఆరింటికి యూరిన్ ఇవ్వడం అంటే నిద్రలో గడిచే సమయమే, మీ నాన్నగారి లాంటి మనిషికి మామూలుగా ఇబ్బంది ఉండదు. డాక్టరుగారు చూసి రాశారు కూడా. కానీ ఇది చదివి ఇంకెవరూ ఇంట్లో సొంతంగా చేసుకోకండి. రోజుకి అయిదారు లీటర్లు పోస్తూ, ఆగని దాహం ఉండేవాళ్ళు కొందరుంటారు. ఆ ఏడీహెచ్ రాకపోవడమో, వచ్చినా కిడ్నీ వినకపోవడమో వాళ్ళ జబ్బు. వాళ్ళకి నీళ్ళు ఆపితే గంటల్లో సోడియం పెరిగి మత్తులోకి వెళ్ళొచ్చు. అలాంటివాళ్ళకి ఈ పరీక్ష వార్డులోనే పెడతాం. గంట గంటకీ బరువు చూస్తాం, బరువులో నూటికి మూడు వంతులు తగ్గితే ఆపేసి నీళ్ళిచ్చేస్తాం. మీ నాన్నకి కూడా రాత్రి నాలుక పిడచకట్టి, కళ్ళు తిరిగితే టెస్టు పక్కన పెట్టి నీళ్ళివ్వు. ఇంకో రోజు చేసుకోవచ్చు.

రాత్రి లేవడం గురించి. 56 ఏళ్ళ మగవాళ్ళకి ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగడం కూడా కారణం కావచ్చు. తేడా తెలుసుకోడానికి పాత మజ్జిగ మగ్గు ఒకటి మార్కు పెట్టి ఇవ్వు. లేచిన ప్రతిసారీ ఎంత వచ్చిందో కాగితం మీద రాయమను. లేచి లేచి యాభై, వంద మిల్లీలీటర్లు పోసి, ధార సన్నగా ఉంటే ప్రోస్టేట్ వైపు చూడాలి. ప్రతిసారీ మూడొందలు, నాలుగొందలు నిండుగా వస్తుంటే మాస్టారు చెప్పిన లెక్క. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఈ కాగితం లేకుండా వస్తారు, డాక్టర్లు మళ్ళీ పంపిస్తారు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మీ నాన్న నొప్పి మాత్రలు వేసుకుంటాడా? చెట్టెక్కే మనిషికి నడుం, మోకాళ్ళు నొప్పి లేకుండా ఉండదు. మెడికల్ షాపులో కవర్లో వేసి ఇచ్చే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ రకాలు ఎండలో నీళ్ళు లేకుండా పని చేసేవాళ్ళ కిడ్నీకి చాలా చెడ్డవి. "ఏమీ వాడట్లేదు" అంటారు, దిండు కింద చూస్తే ఉంటాయి. బీపీకని నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళకి, మనసు జబ్బుకి లిథియం వాడేవాళ్ళకి కూడా ఈ టెస్టు అంకెలు మారిపోతాయి. పొటాషియం తగ్గినా, కాల్షియం పెరిగినా యూరిన్ చిక్కబడదు, అందుకే రక్తంలో అవీ చూస్తారు.

ఇంకోటి, ప్రోటీన్ నిల్ అని సంతోషపడకు. సుగర్ వల్ల కిడ్నీ పాడైతే మామూలుగా యూరిన్‌లో ప్రోటీన్ ముందు కనిపిస్తుంది. మీ ఉద్దానంలో డాక్టర్లు 1990ల నుంచి చూస్తున్న జబ్బు అలా కాదు. అది కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడని కాకుండా, ముందుగా ఆ జల్లెడ తర్వాత ఉండే గొట్టాలని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని కొడుతుంది. చిక్కబరిచే పని ఆ గొట్టాలదే. అందుకని బీపీ బాగుంటుంది, ప్రోటీన్ ఉండదు లేదా కొంచెమే ఉంటుంది, కాళ్ళు వాయవు. మనిషి బాగానే తిరుగుతుంటాడు. శ్రీలంక వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు కూలీల్లో కనపడేది కూడా దాదాపు ఇలాంటిదే. కారణం ఇదీ అని ఎక్కడా గట్టిగా తేలలేదు, కాబట్టి బోరు నీళ్ళనో ఉప్పు చేపనో పట్టుకుని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకు.

క్రియాటినిన్ 1.4 అంటే 56 ఏళ్ళ మగమనిషికి జీఎఫ్ఆర్ (కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో చెప్పే లెక్క) సుమారు 59 వస్తుంది. అది అరవై లోపు కనీసం మూడు నెలలు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్క కాగితం చూసి ఎవరూ ఆ పేరు పెట్టరు.

అయిదు లీటర్ల గురించి ఒక్క మాట. కెనడాలో కిడ్నీ జబ్బు మూడో దశలో ఉన్న 631 మందిని తీసుకుని, సగం మందికి ఎక్కువ నీళ్ళు తాగమని ఏడాది పాటు వెంటపడి చెప్పారు. 2018లో ఫలితం వచ్చింది. కిడ్నీ తగ్గిపోయే వేగంలో తేడా రాలేదు. ఎండలో పోయిన చెమటకి సరిపడా నీళ్ళు తాగాలి, అది వేరే సంగతి. అది బలవంతపు అయిదు లీటర్లు కాదు.

కొబ్బరితోట_బిడ్డ

సిస్టర్, మీరు మా ఇంట్లో కెమెరా పెట్టారా? దిండు కింద కాదు, తోటకి తీసుకెళ్ళే సంచి జేబులో. సగం చింపిన రెండు షీట్లు, పేరు ఉన్న వైపే చింపేసి ఉంది. "ఇది జొరం మాత్ర" అన్నాడు. షాపులో చూపిస్తే డైక్లోఫెనాక్. వారానికి నాలుగైదు అట, రెండేళ్ళుగా. నాకు మాట రాలేదు. అమ్మ మాత్రం చాలా మాటలు అంది.

అలారం ఆపేశాను. వారం ఆగి టెస్టు చేయిస్తాను. మాస్టారూ, ఒక పిచ్చి ఆలోచన. అమ్మ కూడా అదే ఇల్లు, అదే బోరు, అదే తిండి. అమ్మని కూడా ఆ రాత్రి నీళ్ళు తాగకుండా ఉంచి, ఇద్దరివీ ఇస్తే పోల్చుకోవచ్చా?

పాత_ల్యాబ్_మాస్టారు

పిచ్చి కాదు, చక్కటి ఆలోచన. అమ్మగారికి అంత ఖరీదైన టెస్టు వద్దు, మామూలు యూరిన్ పరీక్ష చాలు, రిఫ్రాక్టోమీటర్‌తో చూడమని అడుగు. ఒక చుక్క చాలు దానికి.

నిద్ర లేచాక మొదట పోసింది రాత్రంతా పేరుకున్నది. మీ డాక్టరుగారు మొదటిది అడిగారో రెండోది అడిగారో చీటీ చూడు, కొందరు రెండోది కోరతారు. ఏదైనా సరే, బాటిల్ మీద టైము రాయి. గంట లోపల ల్యాబ్‌కి చేరాలి. ఊళ్ళో పట్టి బస్సులో విశాఖ తేవద్దు, ముందు రోజే వాళ్ళని నీ దగ్గరికి పిలిపించుకో.

కొబ్బరితోట_బిడ్డ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, అడిగినవాళ్ళకి సారీ.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఎనిమిదింటికి అన్నం, చేపల పులుసు. తర్వాత చెంబులన్నీ నేను వంటింట్లో పెట్టి తలుపేశాను. నాన్న అదో పెద్ద జోకులా "కూతురు ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టలేదురా" అని కింద ఇంటాయనకి చెప్పి వచ్చాడు. రాత్రి మగ్గు లెక్క: పదకొండున్నరకి 350, రెండింటికి 400, నాలుగున్నరకి 300. సిస్టర్ చెప్పినట్టు ప్రతిసారీ నిండుగానే. నీళ్ళు ఆపినా అంత వచ్చింది. అమ్మ ఒక్కసారి కూడా లేవలేదు.

ఆరింటికి రెండు బాటిళ్ళు టేబుల్ మీద పెట్టాను. వాటి ఫోటో పెట్టాలనిపించింది, బాగోదని మానేశాను. అమ్మది నల్ల బెల్లం పాకం రంగు. నాన్నది చూస్తే అప్పుడే కొట్టిన బోండం నీళ్ళు. ఒకే రాత్రి, ఒకే పులుసు, ఇద్దరూ గుక్కెడు నీళ్ళు తాగలేదు. రిపోర్టు రాకముందే నాకు అర్థమైపోయింది. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను కాసేపు.

అమ్మది 1.026. నాన్నది రిఫ్రాక్టోమీటర్‌లో 1.011, ఆస్మోలాలిటీ 331. క్రియాటినిన్ మళ్ళీ చేస్తే 1.4 నే. పొటాషియం, కాల్షియం బాగున్నాయి. స్కానింగ్‌లో ప్రోస్టేట్ పెద్దగా లేదు, కిడ్నీలు సైజు కొంచెం తక్కువ వైపు ఉన్నాయన్నారు.

డాక్టరుగారు ఈసారి పది నిమిషాలు ఇచ్చారు. మగ్గు కాగితం చూసి ఆయనే అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. చిక్కబరిచే శక్తి పోయింది, గొట్టాల వైపు జబ్బులా ఉంది, పేరు ఇప్పుడే రాయను, మూడు నెలలకి క్రియాటినిన్ మళ్ళీ చూద్దాం అన్నారు. నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. నాటుమందు ఏదీ వద్దు. నేను నీళ్ళ గురించి అడిగితే మాస్టారు చెప్పిన దానికి ఇంకోటి కలిపారు. ఈయన కిడ్నీ నీళ్ళు దాచుకోలేదు కాబట్టి మిగతావాళ్ళ కంటే తొందరగా ఎండిపోతాడట, ఎండలో నీళ్ళు లేకుండా ఉండటం ఈయనకి రెండింతల దెబ్బ. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఇంట్లో చూద్దాంలే అని కూర్చోకుండా వెంటనే రమ్మన్నారు. అలాగని బలవంతంగా పోయొద్దు, యూరిన్ రంగు తెల్లగా ఉంది కదా నీళ్ళు సరిపోయాయి అని కూడా అనుకోవద్దు అన్నారు. ఆ రంగు లెక్క అమ్మకి, నాకు పనికొస్తుంది గానీ నాన్నకి ఇక పనికిరాదట. ఇది నాకు అస్సలు తట్టలేదు. ఆఫీసు బాత్రూంలో గోడకి ఎనిమిది రంగుల చార్టు అంటించి ఉంటుంది, దాన్ని ఫోటో తీసి నాన్న ఫోన్‌కి పంపుదాం అనుకున్నాను.

తర్వాతి చూపింపులకి విశాఖ దాకా రానక్కర్లేదు, పలాసలో 2023 చివర్లో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కదా, అక్కడ చూపిస్తాం. మా ఊరికి దగ్గర.

నాన్న ఇప్పుడు తెల్లారి నాలుగున్నరకే తోటకి వెళ్ళి తొమ్మిదికి వచ్చేస్తున్నాడు. చెట్టెక్కడానికి కుర్రాణ్ణి పెట్టమంటే ఒక్కో చెట్టుకి ఎంత అడుగుతున్నాడో లెక్కలు చెబుతున్నాడు, ఆ పోరు నడుస్తోంది. రెండు లీటర్ల బాటిల్ మాత్రం ఖాళీగా వస్తోందట. ఖాళీ చేస్తున్నాడో, కొబ్బరి మొదట్లో పోస్తున్నాడో అమ్మకి అనుమానం.

నైట్‌డ్యూటీ_సిస్టర్

నడుం నొప్పికి ఇప్పుడు ఏం వాడుతున్నాడు? వట్టి పారాసిటమాల్ డాక్టరు రాసిన మోతాదులోనా, లేక ఇంకో షాపు దొరికిందా?

కొబ్బరితోట_బిడ్డ

పారాసిటమాలే సిస్టర్, చీటీలో రాసిందే. అమ్మ రోజూ సాయంత్రం సంచి దులుపుతోంది. నిన్న అందులోంచి రెండు జీడిపిక్కలు, ఒక లాటరీ కాగితం పడ్డాయట. ఇప్పుడు దాని మీద గొడవ.